గచ్చిబౌలి క్రీడాశాల

హైదరాబాదు పడమటి యంచున, గచ్చిబౌలిలో పుల్లెల గోపీచందుగారు 2008లో స్థాపించిన బ్యాడ్మింటన్ శిక్షణాలయమును ఇటీవల చూచి వచ్చితిని. తెల్లవాఱకమున్నే బాలబాలిక లచట సాధనకు దిగుదురు. పి. వి. సింధు బాల్యమున సికింద్రాబాదునుండి ప్రతిదినము నిచటికే వచ్చెడిది.

పూర్వము శిష్యుని తప్పును గురువు కన్నే పట్టవలసియుండెను. నేడు వీడియో యా తప్పును శిష్యునికే నిదానముగా మరల మరల చూపును; చేతిపట్టీ గుండె వేగమును లెక్కించును.

అయినను, సోదరీమణులారా! 2016 రియో ఒలింపిక్సుకు ముందు మూడు నెలలు గోపీచందుగారు సింధు ఫోనును ఆమెకు దూరముగా నుంచిరి. ఆమె రజతపతకము గెలిచిన పిదపనే, ఇక దానిని తిరిగి యిత్తునని చెప్పిరి.

యంత్రమును కొనితెచ్చుట సులభము. దాని నెప్పుడు తీసి దాచవలెనో యెఱుగుట గురువునకును, తల్లికిని కష్టమైన పని.