బానెట్టు మీద గీత

దాళ్వా కోతలయ్యాయి, ట్రాక్టర్లు ఖాళీగా ఉన్నాయి. రంగు వేసుకునేవాళ్లు వేసుకునే రోజులు కదా, అందుకని రాస్తున్నా.

మాది పాత మాస్సీ. దమ్ము బురదకీ వానకీ బానెట్టు మీద స్టిక్కరు గీతలు ఎప్పుడో లేచిపోయాయి. కిందటి దసరాకి ఎర్ర ఎనామిల్ వేసి, పక్కల వెండి రంగు గీత లాగుదామన్నాడు మా చిన్నోడు. వెండి రంగు డబ్బా వాడి సొంత డబ్బులతోనే తెచ్చుకున్నాడు. ఎరుపు వేసింది ఆయుధపూజ ముందురోజు పొద్దున్న. "ముసురుగా ఉంది నాన్నా, నాలుగు రోజులు ఆరాలి" అన్నాడు. రేపు పూజ పెట్టుకుని నాలుగు రోజులేంట్రా అన్నాను. మాస్కింగ్ టేపు కొనాలంటే, అట్టపెట్టెలకేసే బ్రౌన్ టేపు ఇంట్లో ఉందిగా అన్నాను.

తెల్లారి టేపు లాగితే ఎరుపు కూడా పొరలాగా లేచొచ్చింది. మిగిలిన గీత అంచు రంపం పళ్లే. పూజకొచ్చిన చుట్టాల ముందు వాణ్ణి నానా మాటలూ అన్నాను. వాడు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఆ తర్వాత ట్రాక్టరు మీద చెయ్యి వెయ్యలేదు.

మొన్న రావులపాలెం పనిమీద వెళ్లి, లారీలకి రంగులేసే ఒకాయన దగ్గర గంటసేపు కూర్చున్నా. ఆయన చెప్పింది వింటుంటే చెంప మీద కొట్టినట్టే ఉంది. అడుగు రంగు బాగా గట్టిపడాలి. అనుమానముంటే కనపడని మూల చిన్న ముక్క అంటించి లాగి చూసుకోవాలి. కాగితం మాస్కింగ్ టేపే వాడాలి. మరీ సాగదీసి అంటిస్తే మళ్లీ ముడుచుకుని అంచు లేస్తుంది. వంపుల దగ్గర సన్న టేపైతే మాట వింటుంది. అంచు పొడుగునా గోరుతో నొక్కాలి.

అసలు కిటుకు ఇది. వెండి రంగుకి ముందు, టేపు అంచు వెంబడి అడుగు రంగే, అంటే ఎరుపే, పల్చగా ఒక పూత వెయ్యాలంట. మన గట్టుకి పీత బొక్కలుంటే ముందు మట్టి మెత్తి నీళ్లు పెట్టమూ? అదే. కారితే ఎరుపు మీద ఎరుపే కారుతుంది, సందులు మూసుకుంటాయి. అది ఆరాక వెండి రంగు రెండు మూడు పల్చటి పూతలు. బ్రష్షు టేపు మీంచి లోపలికి రావాలి, లోపల్నుంచి టేపు కిందకి తొయ్యకూడదు. ఆఖరి పూత చేతికి అంటీ అంటనట్టు ఉండగానే టేపుని వెనక్కి మడిచి, ఏటవాలుగా, నిదానంగా లాగాలి. ఎండిపోయాక లాగితే రంగు పెచ్చుల్లేస్తుంది. అప్పుడు అంచు వెంబడి బ్లేడుతో గీసుకోవడమే.

ఇంటికొచ్చి బానెట్టు గీకించి, మళ్లీ ఎరుపు వేయించి వారం ఆగా. ఎండకి రేకు కాలుతుంది కాబట్టి పొద్దున్నే షెడ్డులో మొదలెట్టా. అంత పొడుగు టేపు తిన్నగా వెయ్యడం ఒక్కడి వల్ల కాలేదండీ, రెండుసార్లు వంకర పోయింది. సెలవులకొచ్చిన చిన్నోడు అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. "ఆ రోజు నువ్వు చెప్పిందే కరెక్టురా, తొందరపడింది నేను. ఆ కొస పట్టుకో" అన్నా. లేచొచ్చి పట్టుకున్నాడు. టేపు లాగే పని వాడికే వదిలేశా.

కుడిపక్క గీత కత్తితో కోసినట్టొచ్చింది. ఎడమపక్క సైలెన్సరు దగ్గర కొంచెం వంకరుంది. అది నేను నొక్కిన చోటండీ, ఆయ్.