112 మిల్లీమీటర్లు

మార్చి రెండో వారం వచ్చిందంటే ఇక్కడి స్కీ షాపులు సరుకు దులుపుకుంటాయి. 800 డాలర్ల జత 419కి దిగుతుంది. అలాంటి ఒక జత లింకు మా ఆయన నాకు పంపాడు, కింద ఒకే ఒక్క మాటతో: "తీసేసుకో." ముదురు నీలం రంగు, పడవ మూతిలా పైకి లేచిన ముందు కొస, నడుము దగ్గర 112 మిల్లీమీటర్ల వెడల్పు. వీటిని పౌడర్ స్కీలంటారు. ఎవరూ తొక్కని కొత్త మంచులో, మోకాలి లోతున, మునగకుండా తేలడానికి చేసినవి.

మేముండేది మసాచుసెట్స్‌లో, వుస్టర్ పక్కన. నేను స్కీయింగ్ చేసేది వాచూసెట్ కొండ మీద, వారంలో రెండు రాత్రులు, ఆఫీసయ్యాక, ఫ్లడ్‌లైట్ల కింద. ఆ కొండ ఎత్తు 2006 అడుగులు. మన తిరుమల కొండే దానికన్నా ఎత్తు. ఆరు చలికాలాల్లో అక్కడ మోకాలి లోతు కొత్త మంచు చూసింది ఒక్కరోజు. అదీ మధ్యాహ్నానికల్లా జనం తొక్కేశారు.

అది ఆయనకి తెలుసు. అయినా ఎందుకు పంపాడంటే, వాళ్ళ కంపెనీ సాల్ట్ లేక్ సిటీకి వెళ్తావా అని అడిగింది. అక్కడికి దగ్గర్లోనే ఆల్టా ఉంది. ఏడాదికి సగటున 500 అంగుళాల పైచిలుకు మంచు పడే చోటు. వెళ్దామా అని నన్ను అడగడానికి మొహమాటపడి స్కీల లింకు పంపాడని అర్థమవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఇక్కడి మంచు సంగతి చెప్పాలి. సినిమాల్లో చూసి మంచంటే దూదిలా ఉంటుందనుకుంటాం. జనవరిలో ఇక్కడ ఒకరోజు మంచు పడుతుంది, మర్నాడు వాన పడుతుంది, ఆ రాత్రికి మొత్తం గడ్డకడుతుంది. తెల్లారి చూస్తే కొండంతా గచ్చు చేసినట్టు మెరుస్తుంటుంది. కొన్నిచోట్ల బూడిద రంగు, బాగా పాకం ముదిరినచోట నీలం. తూర్పు తీరాన్ని స్కీయర్లు ఈస్ట్ కోస్ట్ అనకుండా ఐస్ కోస్ట్ అని ఊరికే వెక్కిరించరు.

ఆ పడే కాస్తా చాలదు కాబట్టి రాత్రుళ్ళు యంత్రాలతో మంచు చేస్తారు. ఈ విద్య మొదలైంది మా పక్క రాష్ట్రం కనెటికట్‌లోనే. 1950లో అక్కడ స్కీలు తయారుచేసే ముగ్గురు, మంచు పడక సరుకు కదలక, పెయింట్ స్ప్రే కంప్రెసరుకి తోటలో నీళ్ళు పట్టే గొట్టం తగిలించి చూశారు. సరుకు అమ్ముడుపోవడానికి వాతావరణాన్నే తయారుచేసుకున్న వ్యాపారులు! సూత్రం ఇవాళ్టికీ అదే. గాలి ఒత్తిడితో నీటిని తుంపరగా ఊదితే నేల తాకేలోపే గడ్డకడుతుంది. కాకపోతే ఆకాశం నుంచి పడేది ఆరు రెక్కల పువ్వు. గొట్టం నుంచి వచ్చేది బొంబాయి రవ్వలాంటి గుండ్రటి పలుకు. పక్కపక్కనే ఒత్తుకుని దిట్టంగా పేరుకుపోతుంది. నాలుగొందల మంది దాని మీద జారి వెళ్ళాక చూడండి, అద్దమే.

ఇలాంటి నేల మీదకి 112 మిల్లీమీటర్ల స్కీలు ఎందుకు పనికిరావో మా నాన్నకి ఫోన్లో చెప్పబోతే, ఆయన సగంలోనే అందుకున్నారు. మాది తణుకు దగ్గర పల్లెటూరు. "దమ్ము చక్రాల ట్రాక్టరు తారు రోడ్డెక్కినట్టంటావా అమ్మా?" అన్నారు. అంతే. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకి వెడల్పాటి ఇనుప చక్రాలు తగిలిస్తారు, బురదలో దిగబడకుండా. అవే చక్రాలతో రోడ్డెక్కితే రోడ్డూ పోతుంది, బండీ కుదేలవుతుంది. మెత్తటి నేల మీద బరువుని పరచాలి. గట్టి నేల మీద బరువంతా ఒక్క గీత మీదకి తేవాలి.

ఆ గీత స్కీ అంచున ఉండే ఉక్కు పట్టీ. ఐస్ మీద మలుపు తిరగాలంటే స్కీని పక్కకి వాల్చి ఆ అంచుని గడ్డలోకి దించాలి. స్కీ బూటు అడుగు వెడల్పు సుమారు 70 మిల్లీమీటర్లు. స్కీ నడుమూ అంతే ఉంటే అంచు సరిగ్గా పాదం పక్కనే పడుతుంది, బరువు నేరుగా దిగుతుంది. 112 అయితే అంచు పాదం దాటి బయటికి పోతుంది. దాన్ని వాల్చి పట్టుకున్నంతసేపూ నేల తిరిగి చదును చేయాలని చూస్తుంది. ఆ పెనుగులాట భారం మోకాలి మీద పడుతుంది. నా కుడి మోకాలి మెనిస్కస్ రెండేళ్ళ కిందట చిరిగింది. ఇన్సూరెన్స్ పోనూ నా చేతినుంచి వదిలింది ఈ నీలం స్కీల ధరకి మూడింతలు.

వెడల్పు స్కీలతో ఐస్ మీద బతకలేమని కాదు. లోపల లోహపు రేకు వేసినవి, అంచు బాగా పదునుపెట్టినవి, బలమైన కాళ్ళకింద నిలబడతాయి. ఆ కాళ్ళు నావి కావు.

వెర్మాంట్‌లో బర్క్ మౌంటెన్ అకాడమీ అని స్కీ రేసర్లని తయారుచేసే బడి ఒకటుంది. షేన్ మెకాంకీ అక్కడే చదివాడు. అలాస్కా కొండల మీద నీళ్ళలో వాడే వాటర్ స్కీలు తొడుక్కుని దిగిన మనిషి. ఆయన ఆలోచనతోనే 2002లో స్పాట్యులా అనే వెడల్పాటి స్కీ వచ్చింది, ఇవాళ్టి పౌడర్ స్కీల ఆకారానికి దారి తీసింది. అదే బడిలో చదివింది మికేలా షిఫ్రిన్. 2016లో ప్రపంచ కప్ మొదటిసారి వెర్మాంట్‌లోని కిల్లింగ్టన్‌కి వచ్చినప్పుడు స్లాలమ్ గెలిచింది. స్లాలమ్ స్కీల నడుము 65 మిల్లీమీటర్లకి అటూ ఇటూ. ఒకే ఐస్ మీద ఎదిగిన ఇద్దరిలో ఒకరు దాన్ని వదిలి మెత్తటి మంచు వెతుక్కుంటూ పోయారు, ఇంకొకరు దాని మీదే పదును పెట్టుకున్నారు. నాకు మెకాంకీ వీడియోలంటే పిచ్చి. కానీ ఆ వీడియోల్లో ఎక్కడా గచ్చు కనిపించదు.

ఈ కొండకీ నాకూ ఒక లెక్క ఉంది. హెచ్4 వీసా మీద వచ్చిన మొదటి చలికాలం నాకు పని చేసే పర్మిట్ లేదు. ఆయన ఆఫీసుకి పోయాక ఇల్లంతా హీటర్ చప్పుడు. విసుగెత్తి ఒక మంగళవారం పగలు, టికెట్ చవకని, వాచూసెట్ వెళ్ళాను. ఐదేళ్ళ పిల్లల వరసలో నిలబడి నేర్చుకున్నాను. ఈ దేశంలో ఎవరి వెనకా రాకుండా నా అంతట నేను వెళ్ళిన మొదటి చోటు అది. తర్వాత పర్మిట్ వచ్చింది, వుస్టర్‌లో ల్యాబ్ ఉద్యోగం దొరకడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది. ఆ స్కీలు కొంటే ఇవన్నీ వదులుకోవడానికి సంతకం పెట్టినట్టే అనిపించింది.

"అక్కడికెళ్తే పనికొస్తాయి కదా," అన్నాడు ఆయన.

"వెళ్తున్నామా?"

"ఏమో, చూద్దాం."

"అయితే చూశాక కొందాం. ఆల్టాలో ఇవి అద్దెకిస్తారు. మంచు పడిన రోజు తెచ్చుకుని, సాయంత్రం ఇచ్చేస్తాను."

కాసేపు ఊరుకుని, "నీకు వెళ్ళాలని లేదు," అన్నాడు. ప్రశ్న కాదు.

"నా ఉద్యోగం గురించి నువ్వు ఒక్కమాట కూడా అడగలేదు," అన్నాను. ఆ రాత్రి చాలాసేపు కూర్చున్నాం. స్కీల ఊసు మళ్ళీ రాలేదు.

శనివారం షాపుకెళ్ళి 76 మిల్లీమీటర్ల జత కొన్నాను. లోపల లోహపు రేకుంది, రంగు మాత్రం దరిద్రంగా ఉంది, కాఫీ మీద పసుపు చల్లినట్టు. 389 డాలర్లు. అంచుల్ని 88 డిగ్రీలకి పదునుపెట్టించాను. మంగళవారం రాత్రి పైనుంచి రెండో మలుపులో నీలం గడ్డ తగిలింది. కింద కర్‌ర్‌మని సన్నటి చప్పుడు, అంచు దిగింది, పట్టుకుంది.

కంపెనీకి ఏప్రిల్ నెలాఖరులోగా జవాబు చెప్పాలి. సాల్ట్ లేక్‌లో ల్యాబులు ఏమున్నాయో ఆయన ఒక పట్టిక రాస్తున్నాడు. నేను అడగలేదు.