గోదావరి వెంట గుండె వైద్యం

త్ర్యంబకేశ్వర్ కొండల్లో పుట్టి, కందకుర్తి వద్ద తెలంగాణలో అడుగుపెట్టే గోదావరి బాసర, మంచిర్యాల, కాళేశ్వరం మీదుగా భద్రాచలం చేరుతుంది. ఆ తీరాన డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన శిశువుకు కావలసిన నిపుణ వైద్యం మాత్రం నదికి దూరంగా, ప్రధానంగా హైదరాబాదులో పోగుపడి ఉంది.

కణాలలో ఇరవై ఒకటో క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉండటమే ఈ స్థితికి కారణం. ముఖ లక్షణాలను బట్టి ఏ ప్రసూతి ఆసుపత్రిలోనైనా దీన్ని అనుమానించవచ్చు. క్రోమోజోములను లెక్కించి నిర్ధారించే కార్యోటైప్ పరీక్షకు రక్త నమూనాను పంపితే చాలు. గుండె సంగతి అలా కాదు, బిడ్డనే తీసుకువెళ్లాలి. ఈ పిల్లలలో సుమారు సగం మందికి పుట్టుకతోనే గుండె లోపం ఉంటుంది. గదుల మధ్య గోడలు కలవవలసిన చోట పెద్ద రంధ్రం మిగిలిపోయే రకం వీరిలో మరీ ఎక్కువ. ఆ రంధ్రం గుండా అధిక ఒత్తిడితో రక్తం పోటెత్తి ఊపిరితిత్తుల నాళాలను క్రమంగా గట్టిపరుస్తుంది గనుక, ఆరు నెలలలోపు శస్త్రచికిత్స జరగటం మేలు. ఆలస్యమైతే శస్త్రచికిత్సకే వీలు లేకుండా పోవచ్చు. స్టెతస్కోపుకు తేడా వినిపించకపోయినా ప్రతి శిశువుకూ మొదటి నెలలోనే ఎకో పరీక్ష (గుండె అల్ట్రాసౌండ్) చేయాలనటం అందుకే.

భద్రాచలం నుంచి హైదరాబాదు దాదాపు 300 కిలోమీటర్లు. దిగువన శబరి కలిసే కూనవరం 2014లో ఆంధ్రప్రదేశ్‌లో చేరటంతో, అక్కడివారికి దగ్గరి పట్టణం ఒక రాష్ట్రానిది, ఉచిత వైద్య పథకం మరో రాష్ట్రానిది అయింది. 2022 జూలైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71 అడుగులు దాటినప్పటిలా వరద ముంచెత్తితే, ఏ రాష్ట్రపు ఆసుపత్రికీ దారి ఉండదు.

పాపికొండలు దాటి రాజమహేంద్రవరం చేరాక పరిస్థితి కొంత మెరుగు; డెల్టావాసులకు కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఒక్క రోజులో వెళ్లి రాగల దూరమే. శస్త్రచికిత్స కోసం ఒకసారి వెళ్లటం ఎలాగో సాధ్యమవుతుంది గాని, థైరాయిడ్, వినికిడి, చూపు పరీక్షలు, మాట నేర్పే శిక్షణ ఏళ్ల తరబడి సాగవలసినవి, కుటుంబాలను అలసిపోయేలా చేసేవి నిజానికి ఇవే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డౌన్ సిండ్రోమ్‌ను తన జాబితాలో చేర్చి, జిల్లా సత్వర చికిత్స కేంద్రాలకు దారి చూపింది. అయితే ఆ కేంద్రం జిల్లా కేంద్రంలో ఉంటుంది, ఆ సేవ పద్దెనిమిదేళ్లతో ముగుస్తుంది. నలభైలలోనే అల్జీమర్స్ మతిమరుపు మొదలుకాగల ఈ వ్యక్తులకు ఆ తరువాతి ఏర్పాటు లేకపోవటం పెద్ద లోపం.

భద్రాచలం, రంపచోడవరం వంటి ఏరియా ఆసుపత్రులలో నెలకొక నిర్ణీత దినాన పిల్లల గుండె నిపుణుడు ఎకో యంత్రంతో వచ్చి చూసే ఏర్పాటును రెండు ప్రభుత్వాలూ కలిసి చేయాలి.