పని తీరిన జాగిలము

మహాభారతము ఆదిపర్వమున, తొలి కథలలోనే, సరమ వృత్తాంతము కలదు. జనమేజయ మహారాజు యాగము చేయుచుండగా ఒక కుక్కపిల్ల ఆడుకొనుచు యజ్ఞభూమికి వచ్చెను. అది ఏ తప్పును చేయలేదు. అయినను రాజు తమ్ములు దానిని కొట్టిరి. ఆ పిల్ల ఏడ్చుచు పోయి తన తల్లియైన సరమతో చెప్పుకొనెను. సరమ రాజుకడకు వచ్చి, నిరపరాధియగు తన బిడ్డను కొట్టుట న్యాయము కాదని పలికి, అట్టివారికి అనుకొనని ఆపదలు కలుగునని హెచ్చరించి వెడలిపోయెను. ఈ సరమ దేవతల కుక్క. పణులు దాచిన ఆవుల జాడను ఇంద్రునికొఱకు కనిపెట్టినది ఆమెయే యని వేదము చెప్పుచున్నది. కుక్కకు సారమేయమను పేరు ఆమెనుబట్టియే వచ్చినది. జాడ తీయు జాగిలములకెల్ల సరమయే మూలపుటమ్మ యనవచ్చును.

నేటి సారమేయములను మీరు రైలు స్టేషనులలోను, విమానాశ్రయములలోను చూచియుందురు. మెడకు పట్టా, ప్రక్కన పోలీసు. అవి మూటలను, పెట్టెలను మూచూచుచు సాగిపోవుచుండును. మనుష్యుని ముక్కులో వాసనను గ్రహించు కణములు సుమారు 60 లక్షలు కాగా, జాగిలమునకు 20 కోట్లకు పైగా నుండును. అందువలననే మనకు తెలియని సంగతి దానికి తెలియును. గ్వాలియరు దగ్గఱ టేకన్‌పూరునందు సరిహద్దు భద్రతా దళమువారి జాగిలముల శిక్షణ కేంద్రము 1970వ సంవత్సరమునుండి పనిచేయుచున్నది. హైదరాబాదునకు సమీపమున మొయినాబాదులో కూడ పోలీసు జాగిలములకు శిక్షణ నిత్తురు.

ఈ శిక్షణలోని కిటుకు విన్నచో మీకు నవ్వు వచ్చును. కుక్కకు మందుగుండు అనగానేమో తెలియదు. దేశరక్షణ యనగా నసలే తెలియదు. దానికి తెలిసినది బంతి. ఫలానా వాసన కనిపెట్టినచో బంతి దొరకును, ఆట సాగును. ఇంతే దానికి కావలసినది. మందుగుండు వాసన తగిలినపుడు అది మొఱుగదు, గోళ్ళతో గీకదు. కదలిక తగిలిన బాంబు ప్రేలవచ్చును గనుక, నిశ్శబ్దముగా కూర్చుండి తన యజమాని ముఖము చూచును. ఆ కూర్చుండుటయే దాని భాష.

1993వ సంవత్సరమున బొంబాయి నగరమున వరుసగా బాంబులు ప్రేలిన దినములలో జంజీర్ అను పోలీసు జాగిలము 3,000 కిలోగ్రాములకు పైగా మందుగుండును కనిపెట్టెను. ఎందఱి ప్రాణములు నిలిచినవో లెక్క కట్టుట కష్టము. అది 2000వ సంవత్సరమున వ్యాధితో మరణించినపుడు పోలీసులు పూలమాలలతో గౌరవించిరి. 2008లో అదే నగరముపై ముష్కరులు దాడి చేసినపుడు మాక్స్, సుల్తాన్, టైగర్, సీజర్ అను నాలుగు జాగిలములు పనిచేసినవి. అవి ముసలితనమున విరార్‌లోని ఒక తోటలో, జంతుప్రేమికుల సంరక్షణలో కాలము గడపి, నాలుగును 2016లోనే కన్నుమూసినవి.

అన్నిటికిని ఇట్టి భాగ్యము లభింపలేదు. వియత్నాం యుద్ధమున అమెరికా సైన్యమునకు వేలకొలది జాగిలములు సేవ చేసెను. వానిలో ఇల్లు చేరినవి మిక్కిలి కొలది. పని తీరిన సైనిక జాగిలములను ప్రజలు పెంచుకొనుటకు వీలుగా ఆ దేశమున చట్టము వచ్చినది 2000వ సంవత్సరముననే. మన సైన్యమునందును సేవకు పనికిరాని జాగిలములకు నొప్పి తెలియకుండ మరణము కల్పించు ఆచారముండెడిదని 2015లో సమాచార హక్కు చట్టము ద్వారా వెల్లడియయ్యెను. ప్రజలు బాధపడిరి. విషయము ఢిల్లీ హైకోర్టునకు చేరెను. ఆ పద్ధతిని మార్చెదమని ప్రభుత్వము మాట యిచ్చెను. నేడు విశ్రాంతి పొందిన సైనిక జాగిలములను కోరినవారికి పెంపకమున కిచ్చుచున్నారు. 2019లో కేరళ పోలీసులు త్రిశ్శూరునందు ముసలి జాగిలములకై ‘విశ్రాంతి’ అను నిలయమునే నెలకొల్పిరి.

శిక్షణలో నెగ్గని కుక్కల మాట యేమని మీరడుగవచ్చును. ఆస్ట్రేలియా దేశమున గావెల్ అను కుక్కపిల్లను పోలీసు పనికై తీర్చిదిద్దబోయిరి. అది కనబడిన ప్రతివానితోను చెలిమి చేయుచుండెను. దొంగను చూచినను తోక యాడించు కుక్క పోలీసులకెట్లు పనికివచ్చును? దానిని తొలగించిరి. కాని క్వీన్స్‌లాండు గవర్నరు దానిని తన భవనమున పెంచుకొని, వచ్చు అతిథులకు స్వాగతము పలుకు పదవి నొసంగెను. ఒకచోట లోపమైన గుణమే మఱియొకచోట యోగ్యత యయ్యెను.

ఇక నా యింటి ముచ్చట చెప్పెదను. నా పూర్వవిద్యార్థి యొకడు పోలీసు శాఖలో జాగిలమును నడుపు కానిస్టేబులు. చదువుకొను దినములలో లెక్కలన్న వణకువాడు. కాని వీధికుక్క కుంటుచు కనబడినచో తన క్యారియరులోని అన్నము సగము దానికి పెట్టువాడు. అతడు తొమ్మిదేండ్లు డైసీ అను లాబ్రడారు జాగిలముతో పనిచేసెను. అది విశ్రాంతి పొందినపుడు అధికారుల అనుమతితో తానే తెచ్చుకొనెను. అతడుండునది మూడవ అంతస్తులో అద్దె యిల్లు. డైసీకి తుంటికీళ్ళ నొప్పి. దినమునకు నాలుగుమార్లు దానిని ఎత్తుకొని మెట్లు దిగుచు, ఎక్కుచు నుండెను. ఒకనాడతడు మా యింటికి వచ్చి, వసారాలో నిలువబడి, “మాస్టారూ, మీ యింటికి మెట్లు లేవు” అని మాత్రము చెప్పి తల వంచుకొనెను.

నా భార్యకు మడి ఆచారములు మెండు. ఆమె కొంతసే పాలోచించి, “తులసికోట దగ్గఱకు రాకుండ చూచుకొనుడు. తక్కినది మీ యిష్టము” అనెను. అట్లు డైసీ మా యింటికి వచ్చెను.

తొలి దినములలో అది గేటుకడనే పడియుండెడిది. వీధిలో జీపు చప్పుడైనచో నొప్పి మఱచి లేచి నిలుచుండును. జీపు సాగిపోయిన తరువాత మెల్లగా పండుకొనును. దానిని చూచినపుడెల్ల నా గుండె కలుక్కుమనెడిది. పదవీ విరమణ చేసిన క్రొత్తలో ఉదయము తొమ్మిదిన్నరకు బడిగంట వినబడగనే కుర్చీలోనుండి లేచి నిలుచుండుట నాకును అలవాటై యుండెను. ఎవరును పిలువరని తెలియును. అయినను కాళ్ళు లేచును.

ఆ సంవత్సరము దీపావళికి మా మనుమడు బాణసంచా సంచి తెచ్చి వసారాలో పెట్టెను. డైసీ వచ్చి, ఆ సంచిని ఒక్కసారి మూచూచి, దాని యెదుట నిటారుగా కూర్చుండెను. ఎంత పిలిచినను కదలలేదు. దాని చూపు నా ముఖముమీదనే నిలిచెను. నాకు దిక్కు తోచక ఆ కానిస్టేబులునకు ఫోను చేసితిని. అతడు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, “అది డ్యూటీ చేయుచున్నది మాస్టారూ. బంతి యిప్పించండి” అనెను. మనుమడు పరుగున పోయి తన బంతి తెచ్చి విసరెను. దానిని నోట కఱచుకొన్నపుడు డైసీ కన్నులలో కనబడిన వెలుగు ఏ మతాబుకును లేదు. ఆ రాత్రి మనుమడు తన సంచి తీసికొని దూరముగా మైదానమునకు పోయెను.

ఆ దినమున నాకొక సంగతి బోధపడెను. మేము దానికి వేళకు తిండి పెట్టితిమి, నీడ యిచ్చితిమి. పని మాత్రము ఈయలేదు. మఱునాటినుండి సాయంకాలము బంతిని పెరటిలో దాచి వెదకించుట మొదలిడితిమి. ఒకనాడది అరటిచెట్లు, బావిగట్టు అన్నియు మూచూచి, తిన్నగా తులసికోట ప్రక్కకు పోయి కూర్చుండెను. బంతి అచ్చటనే యుండెను. దాచినది నా భార్య.

డైసీ మా యింట మూడేండ్లు జీవించెను. ప్రతి ఆదివారము ఆ కానిస్టేబులు వచ్చి దాని కాళ్ళకు మర్దనము చేసి పోవుచుండెను. నిరుటి వేసవిలో అది నిద్రలోనే కన్నుమూసెను. నా పెరటిలో జామచెట్టు క్రింద దానిని పాతిపెట్టితిమి. బంతిని కూడ దానితోనే ఉంచితిమి.

విద్యార్థులారా! ఇట్టి జాగిలమును పెంచుట వేడుక కాదు. ముసలి ప్రాణమునకు వైద్యము కావలయును, ఓర్పు కావలయును, దినమున కొంతకాలము దానికై కేటాయింపవలయును. అంత తీరిక లేనివారు పూనుకొనకుండుటయే మేలు. కాని పూనుకొన్నవారు కేవలము దయ చూపుచున్నామని తలపరాదు. రైలులో మనము నిశ్చింతగా కన్ను మూసికొని ప్రయాణము చేసిన రాత్రులలో, మన పెట్టెలను మూచూచి మనకు నిద్ర ప్రసాదించినవి ఆ జాగిలములే. అది దయ కాదు, తీర్పవలసిన అప్పు. మీ యింటను పని తీరిన పెద్దలుందురు. తాతగారికి అన్నము వేళకు పెట్టుటతో మన కర్తవ్యము ముగియదు. “తాతా, ఈ లెక్క చెప్పవా?” అని పుస్తకము పట్టుకొని ప్రక్కన కూర్చుండుడు. బంతి దొరకిన సంతోషము వారి ముఖమునందును మీకు కనబడును.