గీసినవాడే ఎక్కాడు

మా చిన్నప్పుడు కొత్త పుస్తకాలకి అట్టలు వేయడం అంటే పండగే. చీరాల్లో మా ఇంటికి 'సోవియట్ భూమి' పత్రిక వచ్చేది. ఆ కాగితం నున్నగా, మందంగా, జిడ్డంటినా తుడిస్తే పోయేలా ఉండేది. చదవడం అయిపోగానే నాన్నగారు పాత సంచికల్లోంచి పేజీలు జాగ్రత్తగా విప్పి నాకూ చెల్లాయికీ పంచేవారు. 1970లో, నేను ఆరో తరగతిలో ఉండగా, లెక్కల నోటు పుస్తకానికి నా వంతుకి వచ్చిన కాగితం మీద ముగ్గురు వ్యోమగాముల బొమ్మ ఉంది.

నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆ బొమ్మలో ఒకాయన మీద వేలు పెట్టి, "ఈయన పైలట్ కాదురా. ఆ ఓడ బొమ్మ గీసినాయన. తను గీసినదాంట్లో తనే ఎక్కి కూర్చున్నాడు" అన్నారు. పేరు ఫియోక్తిస్తోవ్ అని చెప్పారు. నాకు నోరు తిరగలేదు. 'గీసినాయన' అనే గుర్తు పెట్టుకున్నాను. నేను ఇంజనీరింగ్‌లో చేరడానికి ఆ అట్ట కూడా ఒక కారణమేమో.

కొన్‌స్తాంతిన్ ఫియోక్తిస్తోవ్ 1926 ఫిబ్రవరి 7న రష్యాలోని వొరోనెజ్‌లో పుట్టాడు. చిన్నతనంలో పెరల్మాన్ రాసిన పుస్తకం చదివి గ్రహాల మీదికి వెళ్లాలని కలలు కన్నాడు. ఆ కలల మధ్యలోకి యుద్ధం వచ్చిపడింది. 1942లో జర్మన్లు ఆ ఊరిని ఆక్రమించేటప్పటికి ఆయనకి పదహారేళ్లు. సోవియట్ సైన్యానికి వేగులవాడిగా ఊళ్లోకి వెళ్లి, శత్రువులు ఎక్కడెక్కడ ఉన్నారో చూసి వచ్చేవాడు. ఒకసారి పట్టుబడ్డాడు. జర్మన్ అధికారి గోతి పక్కన నిలబెట్టి కాల్చాడు. తూటా గడ్డంలోంచి దూరి మెడలోంచి బయటికి పోయింది. చచ్చినవాడిలా గోతిలో పడి ఉండి, వాళ్లు వెళ్లిపోయాక పాక్కుంటూ బయటపడి తనవాళ్లను చేరుకున్నాడు. అంత జరిగినవాడు ఆ మరుసటి సంవత్సరమే మాస్కోలోని బౌమన్ సాంకేతిక విద్యాలయంలో చేరాడు. 1949లో పట్టా తీసుకున్నాడు.

1957లో ఆయన సెర్గేయ్ కొరొల్యోవ్ డిజైన్ సంస్థలోకి వచ్చాడు. మరుసటేడాది అక్కడ ఒక ప్రశ్న బల్ల మీదికి వచ్చింది. మనిషిని పైకి పంపడం సరే, కిందికి ఎలా దించాలి? గంటకి 28 వేల కిలోమీటర్ల వేగంతో గాలిలోకి దూసుకొచ్చే వస్తువు నిప్పుకణిక అవుతుంది. రెక్కలు పెట్టాలా, శంఖం ఆకారంలో చేయాలా అని తర్జనభర్జనలు జరుగుతుంటే, ఫియోక్తిస్తోవ్ బృందం ఎంచుకున్నది బంతి. ఉత్త గుండ్రటి బంతి.

ఇది నాకు నాన్నగారే చేసి చూపించారు. చిరిగిన రబ్బరు బంతిలో ఒక పక్కకి తడిమట్టి కూరి నూతిలో వేశారు. ఎటు తిప్పి వేసినా మట్టి ఉన్న వైపే కిందికి తిరిగి తేలింది. గాలిలోనూ సూత్రం అలాంటిదే. బంతిని ఎటునుంచి చూసినా ఒకటే ఆకారం కాబట్టి దాని మీద గాలి ఎలా పనిచేస్తుందో లెక్క కట్టడం తేలిక. బరువు ఒక పక్కకి ఉంటే ఎవరూ నడపక్కర్లేకుండా తనంతట తనే సరిగ్గా తిరుగుతుంది. తెలియని విషయాలు ఎన్ని తగ్గితే అంత మంచిదనే ఆలోచన అందులో ఉంది. అలా తయారైందే వోస్తోక్. 2.3 మీటర్ల వ్యాసం ఉన్న ఆ గోళంలోనే 1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ 108 నిమిషాల్లో భూమి చుట్టి వచ్చాడు.

బంతికి ఒక లోపం ఉంది. అది రాయిలా పడుతుంది. లోపల ఉన్నవాడి మీద తన బరువుకి ఎనిమిది రెట్లకి పైగా భారం పడుతుంది. నేలను గట్టిగా గుద్దుకుంటుంది కూడా. అందుకని సుమారు ఏడు కిలోమీటర్ల ఎత్తులో వ్యోమగామి సీటుతో సహా బయటికి ఎగిరి, వేరే పారాచూట్‌తో దిగే ఏర్పాటు చేశారు. లోపం ఉందని తెలుసు. దానికి విరుగుడూ పెట్టుకున్నారు. ఇంజనీరు పనంటే అదే.

1964లో కథ మారింది. అమెరికా ఇద్దరు కూర్చునే జెమినీ ఓడను సిద్ధం చేస్తోంది. మనం ముగ్గురిని పంపాలని పైనుంచి ఒత్తిడి వచ్చింది. కొత్త ఓడ తయారు చేసే వ్యవధి లేదు. ఒక్కడి కోసం గీసిన బంతిలోనే ముగ్గురిని కూర్చోబెట్టాలి. సాధ్యం కాదని ఫియోక్తిస్తోవ్ బృందం మొదట అంది. అప్పుడు కొరొల్యోవ్ ఒక మాట అన్నాడట. ముగ్గురు పట్టేలా చేస్తే అందులో ఒక సీటు ఇంజనీరుకి ఇస్తానని. ఆ మాటతో తాము మెత్తబడ్డామని, కొద్దిరోజుల్లోనే నమూనా గీసి ఇచ్చామని తర్వాత్తర్వాత ఫియోక్తిస్తోవే చెప్పుకున్నాడు.

ఎలా పట్టించారు? బయటికి ఎగిరే సీట్లు తీసేశారు. ముగ్గురికీ స్పేస్ సూట్లు ఉంటే చోటు చాలదు కాబట్టి సూట్లూ తీసేశారు. రాకెట్ లేచిన తొలి క్షణాల్లో ఏదైనా జరిగితే తప్పించుకునే దారి లేదు. సీట్లు అడ్డంగా తిప్పి బిగించారుగానీ మీటర్ల బోర్డు పాత చోటే ఉండిపోయింది. దాన్ని చూడాలంటే మెడ పక్కకి తిప్పుకోవాలి. కొత్తగా చేర్చినవీ ఉన్నాయి. నేలను తాకే ముందు పేలి వేగాన్ని తగ్గించే చిన్న రాకెట్ పారాచూట్ తాళ్లకి పెట్టారు. కక్ష్య నుంచి దిగడానికి రెండో ఇంజన్ అమర్చారు. ఆ ఏడాది పరీక్షల్లో విమానం నుంచి కిందికి వదిలిన ఒక గోళానికి పారాచూట్ తెరుచుకోక నేలకి కొట్టుకుని ముక్కలైంది. మనుషులు లేకుండా మొత్తం ఓడను ఒకే ఒక్కసారి పంపి చూశారు. అది అక్టోబర్ 6న. ఆరు రోజుల తర్వాత, 12న, ముగ్గురు ఎక్కారు.

కమాండర్ వ్లదీమిర్ కొమరోవ్, డాక్టర్ బొరీస్ యెగోరోవ్, మన గీసినాయన. అప్పుడాయనకి 38 ఏళ్లు. చూపు తక్కువ, కడుపు జబ్బు. పంపడానికి వీల్లేదని అభ్యంతరాలు వచ్చాయి. పైగా ఆయన కమ్యూనిస్టు పార్టీ సభ్యుడు కూడా కాదు. అయినా వెళ్లాడు. 24 గంటల 17 నిమిషాలు, 16 ప్రదక్షిణలు. 13న క్షేమంగా దిగారు. పైన ఉండగా వాళ్లతో మాట్లాడిన కృశ్చేవ్, మర్నాటికల్లా పదవిలో లేడు.

నాన్నగారు చెప్పిన కథ ఇక్కడితో సమాప్తం. గీసినవాడే ఎక్కాడు. ఎంత ధైర్యం! ఎంత నిజాయితీ!

ఇక నా సంగతి. నేను గీసింది అంతరిక్ష నౌక కాదు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో సరుకులు మోసే లిఫ్టులు తయారుచేసేవాళ్లం. 1991 మార్చి ఆఖరులో గుంటూరులో ఒక మిర్చి గోడౌన్‌కి లిఫ్టు బిగించాం. తాడు తెగినా, జారినా లిఫ్టును పట్టాలకి కరిచి పట్టుకునే దవడలుంటాయి. సేఫ్టీ గేర్ అంటాం. బరువు వేసి, వేగంగా దిగనిచ్చి, అది పట్టుకుంటోందో లేదో చూడాలి. దానికి ఒక రోజు కావాలి. నెలాఖరుకి బిల్లు పెట్టాలని పైవాళ్లు తొందరపెట్టారు. దవడలు కొత్తవే, బిగించింది అనుభవం ఉన్నవాళ్లే. కాగితం మీద 'పరీక్షించబడినది' అని ఉన్నచోట సంతకం పెట్టాను.

జూన్‌లో తాడు కొక్కెం దగ్గర జారింది. దవడలు పట్టుకోలేదు. మిర్చి టిక్కీలతో పాటు ఎక్కిన హమాలీ మొదటి అంతస్తు నుంచి కింద పడ్డాడు. రెండు కాళ్లూ విరిగాయి. ప్రాణం దక్కింది. ఆసుపత్రికి వెళ్తే, "ఆ లిఫ్టు చేసింది మీరేనా సార్?" అని అడిగాడు. ఆ గొంతులో కోపం కూడా లేదు. అవునన్నాను. అంతకుమించి మాట రాలేదు. నష్టపరిహారం వచ్చిందిగానీ మళ్లీ మూట ఎత్తే పని ఆయన చేయలేకపోయాడు.

చీరాల వెళ్లి నాన్నగారికి అంతా చెప్పాను. తిట్టలేదు. అంతా విని, "నువ్వెక్కావా దాంట్లో?" అన్నారు. లేదన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా లేచి వెళ్లి వాకిట్లో మంచం వాల్చుకున్నారు. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు.

అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. నేను సంతకం పెట్టే ప్రతి లిఫ్టులో ముందు నేనే ఎక్కి పైకీ కిందికీ తిరిగేవాణ్ని. ఫ్యాక్టరీలో అదొక వేడుకలా అయిపోయింది. కొత్తగా చేరిన కుర్రాళ్లకి ఫియోక్తిస్తోవ్ కథ చెప్పేవాణ్ని కూడా. కొన్నేళ్లకి ఒకచోట అలాగే ఎక్కి దిగి, బాగుందని కాగితం అందుకోబోతుంటే మా పెద్ద ఫిట్టరు నెమ్మదిగా అన్నాడు: "మీరెక్కారని తాడుకి తెలుసా సార్?"

చెంప మీద కొట్టినట్టయింది. నిజమే. నేను ఎక్కినప్పుడు తాడు తెగలేదు. తెగితే ఏమవుతుందో నేను చూడలేదు. సేఫ్టీ గేర్ పరీక్ష ఆ రోజూ మిగిలే ఉంది. నా ధైర్యం చూసుకుని నేనే మురిసిపోతున్నాను. ఆ సాయంత్రం బరువు వేసి వదిలి చూస్తే ఒక వైపు దవడ ఆలస్యంగా పట్టింది.

ఉద్యోగం నుంచి దిగిపోయాక తీరిగ్గా గీసినాయన గురించి దొరికిందల్లా చదివాను. నాన్నగారు చెప్పని భాగం అప్పుడు తెలిసింది. ఆయన దగ్గరికి 1970లో అంతా చేరే వీలూ లేదు.

ఫియోక్తిస్తోవ్ పక్కన కూర్చుని వెళ్లిన కొమరోవే 1967లో కొత్త ఓడ సోయజ్ ఎక్కాడు. అంతకుముందు మనుషుల్లేకుండా పంపబోయిన వాటన్నిటిలోనూ ఏదో ఒక తేడా వచ్చింది. ఒకటి ప్రయోగ వేదిక మీదే పేలిపోయింది. అయినా ఆగలేదు. ఏప్రిల్ 24న దిగేటప్పుడు పెద్ద పారాచూట్ బయటికి రాలేదు, రెండోది చిక్కుపడింది. కొమరోవ్ చనిపోయాడు. 1971 జూన్ 30న సోయజ్-11 దిగుతుండగా ఒక కవాటం ముందే తెరుచుకుని లోపలి గాలంతా పోయింది. ముగ్గురూ మరణించారు. స్పేస్ సూట్లు ఉంటే బతికేవారు. సూట్లు లేకుండా మనుషులను పంపే అలవాటు మొదలైంది ఎక్కడో మనకి తెలుసు. ఆ తర్వాత రెండేళ్లకి పైగా ఎవరినీ పంపలేదు. 1973లో మళ్లీ పంపినప్పుడు మూడో సీటు తీసేసి, ఇద్దరికీ సూట్లు తొడిగారు.

సోయజ్ ఓడ రూపకల్పనలోనూ ఫియోక్తిస్తోవ్ ముఖ్యుడే. ఆ చావులకి ఆయనొక్కడే బాధ్యుడని నేననను. అంత పెద్ద పనిలో ఒక్కడి తప్పంటూ ఉండదు. కానీ 1964లో ఆయన చేత అవుననిపించింది లెక్కలు కాదు, ఎక్కాలన్న కోరిక. పదేళ్ల వయసు నుంచి దాచుకున్న కల. దాన్ని ఎదుటివాడు పసిగట్టి బేరం పెట్టాడు. ఆ సీటు నాకిస్తానంటే నేనైనా కాదనేవాణ్నా? అనలేను. తూటా తిని గోతిలోంచి లేచొచ్చినవాడికి ప్రాణభయం ఆపలేదు. అది ఆయన ప్రాణం. మిగతా రెండు సీట్లలో ఉన్నవి వేరేవాళ్లవి.

ఆయన గొప్పతనం నా దృష్టిలో ఆ 24 గంటల్లో లేదు. తర్వాత పాతికేళ్లలో ఉంది. సల్యూత్ కేంద్రాలు, వాటికి సరుకులు మోసే ప్రోగ్రెస్ ఓడలు, మీర్ కేంద్రం... అన్నిటిలోనూ ఆయన చెయ్యి ఉంది. సరిదిద్దిన సోయజ్ ఎంత గట్టిదైందంటే దాని వారసులు ఇప్పటికీ మనుషులను మోస్తున్నాయి. హైదరాబాద్‌లో చదువుకున్న మన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3న వెళ్లింది సోయజ్‌లో, ఉన్నది సల్యూత్‌లో. ఫియోక్తిస్తోవ్ 1980లో మరోసారి వెళ్లాల్సింది. ప్రయాణం దగ్గరపడ్డాక డాక్టర్లు వద్దన్నారు. ఈసారి ఆ మాటే చెల్లింది. 1990లో ఆ సంస్థ వదిలి, తను చదువుకున్న బౌమన్‌లోనే పాఠాలు చెప్పాడు. 2009 నవంబర్ 21న, 83వ ఏట కన్నుమూశాడు.

మా అమ్మాయి బెంగళూరులో వాహనాల సీట్లు డిజైన్ చేసే చోట పనిచేస్తోంది. మొన్నామధ్య రాత్రి ఫోన్ చేసింది. ఒక పరీక్ష మిగిలి ఉందట, తేదీ ముంచుకొచ్చిందట, రిపోర్టు మీద సంతకం పెట్టమంటున్నారట. "ఇప్పటివరకు అన్నీ పాసయ్యాయి నాన్నా. ఆ సీట్లో నేను కూర్చుని బెల్టు పెట్టుకుని రెండు వందల కిలోమీటర్లు తిరిగాను కూడా" అంది.

నాన్నగారు నాకు చెప్పిన కథే దానికీ చెప్పాను, ఈసారి చివరిదాకా. ఫిట్టరు మాటా చెప్పాను. గుంటూరు హమాలీ సంగతి కూడా చెప్పాను. అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అవతలి వైపు చాలాసేపు నిశ్శబ్దం.

"ఆయన ఇప్పుడెలా ఉన్నాడు నాన్నా?" అంది చివరికి.

నా దగ్గర జవాబు లేదు. ఆసుపత్రి నుంచి వచ్చేశాక ఒక్కసారీ వెళ్లి చూడలేదు.

తను మర్నాడు సంతకం పెట్టలేదు. పదిహేను రోజులు గడువు అడిగిందట. ఇస్తారో లేదో ఇంకా తెలియదు. నేను మాత్రం గుంటూరు బస్సుకి టికెట్ తీసుకున్నాను.