అలెక్సంద్రు, రూఫుల తండ్రి

మార్కు సువార్త 15వ అధ్యాయం 21వ వచనం తీసి చూడండి. నేనెప్పుడూ అక్కడ ఆగిపోతాను. పల్లె నుంచి వస్తున్న కురేనీయుడైన సీమోనును సైనికులు పట్టుకుని యేసు సిలువను బలవంతంగా మోయిస్తారు. ఆ సీమోను ఎవరంటే అలెక్సంద్రుకూ రూఫుకూ తండ్రి అంటాడు మార్కు. అంతే, ఆ కొడుకులిద్దరూ ఈ సువార్తలో మళ్లీ కనిపించరు. మరి వాళ్ల పేర్లు ఎందుకు చెప్పినట్టు? వింటున్నవాళ్లకు ఆ అన్నదమ్ములు తెలిసినవాళ్లు కాబట్టి! మత్తయి, లూకా ఇదే సంగతి చెబుతూ ఆ పేర్లు వదిలేశారు. పౌలు రోమీయులకు రాసిన పత్రిక చివర ఒక రూఫుకు వందనాలు పంపుతాడు. ఇద్దరూ ఒకరేనని రుజువు లేదు గానీ, ఆ ఊహ వదలదు.

ఇంత దగ్గరివాళ్లకు రాసినాయన తన పేరు మాత్రం ఎక్కడా చెప్పుకోలేదు. పండితుల్లో ఎక్కువమంది ఈ సువార్తను క్రీ.శ. 70 ప్రాంతానిదంటారు. రోమా సైన్యం యెరూషలేము దేవాలయాన్ని నేలమట్టం చేసిన కాలమది. నాలుగింటిలో ఇదే మొదటిదనీ, మత్తయి, లూకా దీన్ని ముందు పెట్టుకునే రాశారనీ వాళ్ల మాట.

మార్కు పేరు చెప్పినవాడు హియెరాపొలి సంఘాధ్యక్షుడు పపియస్. రెండో శతాబ్దం తొలినాళ్లవాడు. మార్కు పేతురుకు దుబాసీ అనీ, గుర్తున్నంత వరకు తప్పు లేకుండా రాశాడనీ, వరుస మాత్రం పాటించలేదనీ ఆయన చెప్పాడు. పపియస్ గ్రంథం పోయింది. నాలుగో శతాబ్దంలో యూసేబియస్ తన సంఘ చరిత్రలో ఎత్తి రాయబట్టి ఆ ముక్క మిగిలింది.

దీన్ని సందేహించే పండితులు చాలామందే ఉన్నారు. నాకైతే కొట్టిపారేయబుద్ధి కాదు. గౌరవం కోసం పేరు కల్పించేవాళ్లు పన్నెండుమంది శిష్యుల్లో ఒకరి పేరు పెట్టుకుంటారు గానీ, వాళ్లలో లేని మార్కును ఎందుకు వెతుక్కుంటారు? పైగా బీద విధవరాలు వేసిన రెండు కాసుల విలువను ఈయన రోమా నాణెంలో లెక్కగట్టి చెబుతాడు. రోములోనే రాశాడనే పాత నమ్మకానికి అదీ కాస్త బలం.

ఈసారి మార్కును రోజుకో అధ్యాయం చొప్పున కాకుండా, ఇంట్లో నలుగురినీ కూర్చోబెట్టి ఒక్క బిగిన పైకి చదవండి. ఉన్నవి పదహారు అధ్యాయాలే. మొదటి శ్రోతల్లో చాలామందికి చదువు రాదు, వాళ్లకు ఈ కథ అందింది చెవుల ద్వారానే.