అవ్వకు అందని మాటలు

మా హోసూరు పిల్లలకు ఒక్క రోజులో నాలుగు భాషలు చెవిన పడతాయి. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, బెంగళూరు బస్సులో కన్నడం, పుస్తకాల్లో ఇంగ్లీషు. దాన్ని అందరమూ గొప్పగానే చెప్పుకుంటాం.

మా అమ్మా నాయనా సిప్‌కాట్‌లో పని చేస్తారు. షిఫ్టుల వల్ల ఒకరుంటే ఒకరుండరు. మమ్మల్ని పెంచింది అవ్వే. ఆమె కృష్ణగిరి పక్క పల్లెలో పుట్టింది, తెలుగు తప్ప ఇంకేమీ సరిగ్గా రాదు. నేను తెలుగు మీడియం. తమ్ముణ్ణి ఎల్‌కేజీ నుంచే ఇంగ్లీషు మీడియంలో వేసినారు. ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడించమన్నారట. అమ్మ తనకొచ్చిన నాలుగు ముక్కలతో మాట్లాడింది. అవ్వకు ఆ నాలుగూ రావు.

వాడికిప్పుడు తొమ్మిదేండ్లు. తెలుగు చెప్తే అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనో తమిళంలోనో చెప్తాడు. అవ్వ నాతో గంటలకొద్దీ మాట్లాడుతుంది. కరువులో రాగులు అప్పు తెచ్చిన కత నాకు పదిసార్లు చెప్పింది. వాడితో ఆమె మాటలు మూడే: "తింటివా? నీళ్ళు పోసుకుంటివా? పడుకో." ప్రేమ తక్కువై కాదు. నెయ్యి వాడికే ఎక్కువ వేస్తుంది!

ఒకరోజు వాడు బడి నుంచి ఏడుస్తా వచ్చినాడు. "ఏమాయె నాయనా?" అని అవ్వ దగ్గరికి తీసుకుంది. వాడు ఇంగ్లీషులో ఏమేమో చెప్పినాడు. అవ్వ నా ముఖం చూసింది. వాడు చెప్పడం ఆపేసి, రాత్రి పదింటికి అమ్మ వచ్చేదాకా వాకిట్లోనే కూర్చున్నాడు.

ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికా శాస్త్రవేత్త 1970లలో చేసిన ఒక ప్రయోగం గురించి మా టీచరు చెప్పినారు. పాపతో ఆడుకుంటున్న తల్లి కొంతసేపు ముఖం కదపకుండా ఉండాలి. పాప నవ్వుతుంది, చేతులు చాపుతుంది, కేక పెడుతుంది, చివరికి ఏడుస్తుంది. తల్లి ఎదురుగానే ఉంది. లేనిది జవాబు. మా అవ్వ ముఖం కదలకుండా ఉండేది కాదు, కానీ తొమ్మిదేండ్ల పిల్లోడి కష్టానికి ముఖం ఒక్కటే చాలదు.

2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. దాని గురించి మా పెద్దలు చాలా మాట్లాడతారు. ఇంట్లో ఏ భాష మాట్లాడాలో ఆ చట్టంలో లేదు కదా! అవ్వతో తెలుగు మాట్లాడొద్దని ఏ సర్కారూ చెప్పలేదు.

ఈ చలికాలంలో అవ్వ పితికిపప్పు కోసం అనపకాయలు వలుస్తుంటే తమ్ముడు పక్కన చేరినాడు. కాయలో పురుగు కనబడింది. "అవ్వా, ఇది ఏంది?" అన్నాడు, తెలుగులోనే. అవ్వ చెప్పడం మొదలుపెట్టింది. పురుగు నుంచి చేనుకు, చేను నుంచి వాళ్ళ నాయన ఎద్దులకు పోయింది. గంప ఖాళీ అయినా ఇద్దరూ లేవలేదు.